కొరాళి భాషలో ‘కాదు’ లేదు

గాజువాక,
14 జూన్, 1997.

అన్నయ్యా,

నీ కార్డు అందింది. “అచ్చయింది, కొనుక్కో” అని రెండు ముక్కలు గీకి ఊరుకున్నావు. విజయవాడ వెళ్లాక అక్షరాలకు కూడా పిసినారితనం పట్టిందా?

డ్యూటీ బస్సు దిగి బడ్డీలో మూడు కాపీలు కొన్నాను. ‘ఇనప చంద్రుడు, సైన్సు ఫిక్షన్ సీరియల్ ప్రారంభం’. కింద లావుపాటి అక్షరాలతో ‘రచన: ఉమాశంకర్’. ముందు పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత కాస్త ఏడుపు కూడా వచ్చింది, నీ దగ్గర దాపరికం ఎందుకు.

ఇదే కథను మధులత అన్న నా సొంత పేరుతో రెండుసార్లు పంపితే ఏమన్నారు? “అమ్మా, గ్రహాలూ యుద్ధాలూ మీకెందుకు, సంసారపక్షంగా ఏదైనా రాయండి” అని తిప్పికొట్టారు. నువ్వు ఆ పేరు కొట్టేసి నీ పేరు పెట్టి, రైల్వే పార్శిల్ ఆఫీసు డ్యూటీ దిగి, నేరుగా వెళ్లి ఎడిటర్ భీమశంకరరావు గారి బల్ల మీద పడేశావు. వారం తిరక్కుండా ఒప్పేసుకున్నారు. నీ కొంటెతనానికి దండం పెట్టాలి.

ఒప్పందం మాత్రం మరిచిపోకు. సీరియల్ అయిపోయిన రోజున నిజం చెప్పేస్తావు. పుస్తకంగా వస్తే అట్ట మీద నా పేరుండాలి. శాలువాలూ సన్మానాలూ అన్నీ నువ్వే తీసుకో, నాకు ఆ ఒక్కటి చాలు.

మీ బావగారు మొదటి భాగం చదివి, “ఏటే, మీ గ్రహం మీద సేపలు దొరకవేటి? ఆల్లంతా ఇనుము తిని బతుకుతన్నారా?” అని అడిగారు. ఫర్నేసు దగ్గర పనిచేసే మనిషికి తిండి సంగతే ముందు కనిపించింది.

నీ చెల్లి,
లత.

*

విజయవాడ,
25 జూన్, 1997.

చెల్లాయ్,

జగ్గారావు బావతో చెప్పు, ఇనుము తినేవాళ్ల కథ రాస్తున్న మనిషి వండిన కూర తింటూ తను ఇన్నేళ్లు బతికాడు కదా అని.

ఒప్పందం నాకు బాగా గుర్తుంది. నీ పేరు ఎవరు తింటారే? ఆఖరి భాగం పడిన రోజే ఎడిటర్ గారి ముందు నిలబడి గుట్టు విప్పేస్తాను. ఆయన ముఖం చూడాలి ఆ రోజు!

నాలుగో భాగం ఇచ్చినప్పుడు ఆయన కళ్లద్దాలు పైకి తోసి, “ఆ గ్రహం మీది కొరాళుల భాష మీకెలా తట్టిందండీ?” అని అడిగారు. నాకేం తెలుసు? “అప్పుడప్పుడూ ధ్యానం చేస్తుంటానండీ” అన్నాను. ఆయన నమ్మేశారు, టీ కూడా తెప్పించారు. మళ్లీ అడిగితే ధ్యానం సరిపోదు గానీ, ఆ భాష కథేమిటో నాలుగు ముక్కల్లో రాసి పంపు.

ఉమాశంకర్ అన్నయ్య.

*

గాజువాక,
9 ఆగస్టు, 1997.

అన్నయ్యా,

ధ్యానమా! మా అత్తగారు నూకాలమ్మ గారికి ఈ ముక్క చెబితే నీకు దిష్టి తీస్తారు. ఆ భాషకు అసలు తల్లి ఆవిడే.

ఆవిడ నోట ‘వద్దు’, ‘కాదు’ అన్న మాటలు నేను పెళ్లయిన ఈ పదకొండేళ్లలో వినలేదు. “అత్తయ్యా, డాక్టరు దగ్గరికి వెళ్దామా?” అంటే “ఎల్తాన్లే” అంటారు, అంటే వెళ్తారు. పళ్లు నొక్కి “ఎల్ల్తాన్లే!” అన్నారా, ఆటో పంపించెయ్యాల్సిందే. ఒక్క ఒత్తులో ఉంటుంది ఆవిడ పంతమంతా. నా కొరాళులకూ అదే పెట్టాను. వాళ్లు వీరులు కదా, లేదనీ కాదనీ అనడం వాళ్లకు నామోషీ. అందుకని మాటలో ఒక అక్షరాన్ని ఒత్తి పలుకుతారు, అప్పుడు అర్థం తిరగబడుతుంది. ‘దురా’ అంటే వంగుతాను. ‘దుర్రా’ అంటే వంగను.

వాళ్ల సూక్తులు కొన్ని రాస్తున్నాను, ఎవరైనా అడిగితే వల్లించు. యుద్ధానికి ముందు వేసే ఒట్టు, ‘హూ జిగడ దుర్రా’. ఇనుము ముందు వంగను అని. పగ గురించి ఒకటుంది, ‘బిర నెము ఓపు, బిర జాగు గడు’. శత్రువు నిద్రపోతుంటే దుప్పటి కప్పు, లేచాక కొట్టు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘మొరక సిగు, లాబ సిగ్గు’. గాయం చూపించు, ఏడుపు చూపించకు అని. రాసేశాక గానీ ‘సిగ్గు’ అని పడిందని చూసుకోలేదు. మీ బావగారు చదివి, “మీ వీరులకి సిగ్గు కూడా ఉందేటి, పర్లేదు” అన్నారు.

స్టీలు ప్లాంటులో, మిల్లు పక్కన ల్యాబులో రోజంతా నేను చేసేది కడ్డీలను మిషన్లో బిగించి తెగేదాకా లాగడమే కదా. ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో చూస్తూ ఉంటే మనుషులు గుర్తొస్తారు. అలా పుట్టారు వాళ్లంతా.

ఇంకో విచిత్రం. పోర్టులో కలాసీగా చేసే కన్నబాబు ఆయనకు స్నేహితుడు. మొన్న మా అరుగు మీద కూర్చుని నేనిచ్చిన టీ తాగుతూ నాకే పాఠం చెప్పాడు: “వదినా, నీకు తెలవదు గానీ, కొరాళి బాసలో ‘కాదు’ అన్న మాటే లేదు. ఒత్తు నొక్కాలంతే! మేం లోడు ఎత్తినప్పుడు అందరం ‘దుర్రా’ అంటన్నాం. ఆ ఉమాశంకర్ గారు మాగొప్ప మనిసి.” వారం వారం పత్రిక రాగానే నలభై మంది కూడి ఆ భాషలో మాట్లాడుకుంటారట, దానికో సంఘం కూడా పెట్టారట. ఆయన నవ్వు ఆపుకోలేక లోపలికి పోయారు. నేను మాత్రం అక్కడే నిలబడి, “అవునా కన్నబాబూ” అన్నాను. గర్వంగానూ ఉంది, ఉక్రోషంగానూ ఉంది అన్నయ్యా.

లత.

*

విజయవాడ,
18 అక్టోబరు, 1997.

చి. లతకు,

ఉత్తరం ఆలస్యమైంది, కోప్పడకు. ఈమధ్య తీరిక లేదు. తెనాలిలో ఒక సాహితీసంఘం వాళ్లు సన్మానం చేశారు. గుంటూరు కాలేజీలో మాట్లాడమన్నారు, వెళ్లాను. నీ సూక్తులు చెబితే పిల్లలు బల్లలు చరిచారు. మా స్టేషన్ మాస్టరు గారు ఇప్పుడు నన్ను “ఏమండీ రచయిత గారూ” అంటున్నారు. పాతికేళ్ల సర్వీసులో ఆయన నన్ను ‘గారు’ అనడం ఇదే మొదలు.

ఇరవయ్యో భాగం ఇవ్వడానికి వెళ్తుంటే వానలో ఒక పేజీ తడిసి సిరా అంతా అలుక్కుపోయింది. కంగారు పడకు, నాకు గుర్తున్నదే కదా, నేనే తిరగరాసి ఇచ్చాను.

ఎడిటర్ గారు చాలా సంతోషంగా ఉన్నారు. మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను. మీ వదిన ధనలక్ష్మి నిన్ను అడిగినట్టు రాయమంది.

ఆశీస్సులతో,
ఉమాశంకర్.

*

గాజువాక,
3 నవంబరు, 1997.

రచయిత ఉమాశంకర్ గారికి,

మీరు తిరగరాసిన పేజీ అచ్చులో చూశాను. పదివేల మంది కొరాళులు కొండ మీద నిలబడి, కత్తులెత్తి, గొంతులు చించుకుని ‘హూ జిగడ దురా’ అన్నారు. ఇనుము ముందు వంగుతాం, వంగుతాం, వంగుతాం అని మూడుసార్లు! ఒక్క ఒత్తు మింగేశారు మీరు. ఇరవై వారాలుగా నేను నిలబెట్టిన సైన్యం ఒక్క లైనులో మోకాళ్ల మీద పడింది.

కన్నబాబు పత్రిక పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వాడికి కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. “ఇదేటన్నా, రాసినోడికే ఆడి బాస రాదా? లేపోతే ఆల్లు ఓడిపోయారా?” అని ఆయన్ని నిలదీశాడు. ఆయన నా వంక చూశారు. నేనేం చెప్పను? నోట్లో మాట ఉండి కూడా చెప్పలేని దాన్ని చేశావు నన్ను.

అదలా ఉంచు. అదే సంచికలో ఆఖరి పేజీ ప్రకటన చూశాను. ‘త్వరలో పుస్తకరూపంలో, ఉమాశంకర్ గారి ఇనప చంద్రుడు’. నువ్వు అక్టోబరులో “మిగతా సంగతులు” అన్నది ఇదేనా? నాకు చెప్పాలని తోచలేదా? బడ్డీకొట్టు ముందు నిలబడి తెలుసుకోవాల్సిన సంగతా ఇది?

నాకు కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. చిన్నప్పుడు నా బొమ్మ విరగ్గొట్టినప్పుడు కూడా ఇంత రాలేదు.

మధులత.

*

విజయవాడ,
12 జనవరి, 1998.

చెల్లాయ్,

రెండు నెలలు నీకు రాయడానికి ముఖం చెల్లలేదు. రాసి చించినవి ఆరు. ఇది ఏడోది.

ఒత్తు సంగతి నిజంగా పొరపాటే, ఒట్టు. ప్రకటన సంగతి మాత్రం పొరపాటు కాదు. ఎడిటర్ గారు అక్టోబరులోనే అడిగారు. చెబుదామని నోరు తెరిచాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, “మీలాంటి వాడు పార్శిల్ ఆఫీసులో మగ్గడమేమిటండీ” అన్నారు. అంతే, నోరు మూసుకున్నాను. ఆ మాట నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు లతా. ఇప్పుడు నిజం చెబితే నన్ను మోసగాడంటారు, పుస్తకమే ఆపేస్తారేమో. ఈ పుస్తకం ఇలా పోనీ. రెండోది నీ పేరుతోనే వేయిస్తాను.

ఇంకో చిక్కు వచ్చిపడింది. మీ గాజువాక కొరాళి సంఘం వాళ్లు ఎడిటర్ గారికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, తప్పు ఎలా జరిగిందో రచయితే వచ్చి చెప్పాలని. ఫిబ్రవరి ఒకటి, ఆదివారం పొద్దున్న మీ లైబ్రరీ మేడ మీద సభ. ఎడిటర్ గారూ వస్తున్నారు, పుస్తకం ముఖచిత్రం అక్కడే చూపిస్తారట. ఆ సంఘం వాళ్లు నాతో కొరాళిలోనే మాట్లాడతారని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించట్లేదు.

ఒక ఇరవై వాక్యాలు, అర్థాలతో సహా రాసి పంపవా? బట్టీ పట్టి గట్టెక్కుతాను. ఈ ఒక్కసారికి.

అన్నయ్య.

*

గాజువాక,
21 జనవరి, 1998.

అన్నయ్యా,

ఇరవై అక్కర్లేదు. ఒక్కటి చాలు. మైకు చేతికి రాగానే ముందు ఇది అను:

ఇ నూర కెన్నా. తీజు కెవా.

అర్థం అడక్కు. హాల్లో ఉన్నవాళ్లకు అర్థమవుతుంది, అది చాలు. ఇంకో మాట అనక్కర్లేకుండా గట్టెక్కుతావు.

ఒత్తు మాత్రం చూసుకో.

లత.

*

గాజువాక,
3 ఫిబ్రవరి, 1998.

అన్నయ్యా,

నువ్వు నాకేసి చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయావు. బండికి ఇంకా గంటన్నర టైముందని నాకూ తెలుసు. కాబట్టి నువ్వు చూడనిదంతా నేనే రాయాలి, నా తప్పుతో సహా.

ముందు తప్పు. నేను నీకిచ్చిన మాటకు అర్థం, ‘ఈ భాష నాది కాదు, నా తోడబుట్టినదానిది’ అని. నీకు అర్థం చెప్పకుండా నీ నోటితో నీ గుట్టే విప్పించాను. రాత్రింబవళ్లు ఆలోచించే రాశాను. అయినా నువ్వు మైకు పట్టుకుని ఆ మాట అంటుంటే నేను చేసింది తప్పనిపించింది. వద్దని అరుద్దామనుకున్నాను, అప్పటికే అనేశావు. నన్ను క్షమించు.

నువ్వు అన్నాక హాల్లో అందరూ ఆ మాటను తమలో తాము కూడబలుక్కున్నారు. ఎడిటర్ గారు ఏమీ అర్థంకాక చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. కన్నబాబు మెల్లగా లేచి, “తీజు ఓ?” అన్నాడు. ఆ తోడబుట్టినది ఎవరు అని అడిగాడు. అప్పుడే నువ్వు దిగిపోయావు. ఎవరూ ఆపలేదు, అందరూ ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుంటున్నారు.

నేను లేచాను. మూడో వరసలో, మా అత్తగారి పక్క నుంచి. కొరాళిలోనే మొదలుపెట్టాను. నా పేరు చెప్పాను, ల్యాబు గురించి చెప్పాను, కడ్డీల గురించి చెప్పాను. తప్పు ఎలా పడిందో చెప్పాను, వానలో తడిసిన పేజీతో సహా. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఒక్క ఒత్తు తప్పలేదు అన్నయ్యా! కన్నబాబు నోరు తెరుచుకుని విని, చివరికి తెలుగులోకి దిగాడు: “అమ్మ బాబోయ్, వదినా! నీ బాస నీకే నేర్పానా నాను? నీ సేతి టీ తాగుతా!” సిగ్గుతో తల బాదుకున్నాడు. ఇక హాలు పగిలిపోయింది. పోర్టు వాళ్లు, ప్లాంటు వాళ్లు, అచ్యుతాపురం నుంచి సైకిళ్ల మీద వచ్చిన వాళ్లు, అందరూ లేచి ‘హూ జిగడ దుర్రా’ అని అరిచారు. కింద రోడ్డు మీద ఆటోలు ఆగిపోయాయట. మీ బావగారు కుర్చీ ఎక్కి, “మా ఆవిడే! మా ఆవిడే రాసిందిరా!” అని కేకలు. ఆయన్ని దించడానికి ముగ్గురు పట్టారు.

భీమశంకరరావు గారు లేచి నా దగ్గరికి వచ్చారు. “అమ్మా, మధులత అంటే... రెండుసార్లు నేను తిప్పి పంపిన మధులత మీరేనా?” అన్నారు. అవునన్నాను. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. “సంసారపక్షంగా రాయమన్నాను కదూ” అన్నారు. “రాశానుగా అండీ, ఈ భాషంతా మా అత్తగారిదే” అన్నాను. మా అత్తగారు లేచి దండం పెట్టారు. ముఖచిత్రం మార్చి వేయిస్తానని ఆయన మైకులో చెప్పబోతే జనం ఒప్పుకోలేదు, కొరాళిలో చెప్పాలన్నారు. కన్నబాబు పక్కన నిలబడి ఒక్కో మాటా అందిస్తుంటే, పాపం, చెమటలు కక్కుతూ చెప్పారాయన.

ఇంత జరిగినా ఇంటికొచ్చి కూర్చుంటే నువ్వే గుర్తొస్తున్నావు. కోపమొచ్చిందా? తిట్టు. కానీ రాయి.

నీ లత.

*

విజయవాడ,
16 ఫిబ్రవరి, 1998.

నా చెల్లాయికి,

క్షమాపణ నీ దగ్గరే ఉంచుకో. నాకు అర్థం తెలుసు.

నీ ఉత్తరం అందిన రోజే ఏదో తిరకాసుందని అనుమానం వచ్చింది. అర్థం అడక్కు అని నువ్వు రాశావంటే అర్థంలోనే ఏదో ఉందన్నమాట, నీ సంగతి నాకు తెలియదా? పత్రికలన్నీ సంచిలో వేసుకుని బండెక్కాను. ఏలూరు దాటే సరికి ‘నూర’ దొరికింది, భాష అని. రాజమండ్రి వంతెన మీద ‘తీజు’ దొరికింది, పద్నాలుగో భాగంలో సేనాని తన చెల్లెల్ని అలా పిలుస్తుంది. తుని దగ్గర ‘కెనా’ దొరికింది. కెనా అంటే నాది. నువ్వు రాసింది కెన్నా. ఎదుటి సీట్లో ఎడిటర్ గారు వేరుశెనక్కాయలు వలుచుకుంటూ, “రచయిత గారు ఏదో సాధన చేస్తున్నట్టున్నారే” అన్నారు. అవునండీ అన్నాను.

నిజం రాస్తున్నాను లతా. తుని నుంచి విశాఖ దాకా రెండూ అని చూసుకున్నాను. కెనా. కెన్నా. ఒత్తు మింగడం నాకు అలవాటైన పనే. ‘ఇ నూర కెనా’ అని, రెండో ముక్క వదిలేసి దండం పెడితే చాలు, హాలంతా లేచి నిలబడేది. పొరపాటున పడిందని నీకు రాసినా నువ్వు నమ్మాల్సిందే. మైకు చేతికొచ్చే వరకూ రెండూ నాలుక మీదే ఉన్నాయి. అప్పుడు మూడో వరసలో నువ్వు కనిపించావు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నాకంటే ఎక్కువ భయపడుతూ. ఎవరికోసం భయపడుతున్నావే నువ్వు? నాకోసమే. అది చూశాక ఇంకేం మింగను? కెన్నా అన్నాను, పళ్లు నొక్కి, మీ అత్తగారిలా.

దిగి ఎందుకు వెళ్లిపోయానంటే, ఉంటే నాకూ చప్పట్లు కొట్టేవాళ్లు. మంచి అన్నయ్య అనేవాళ్లు. ఎనిమిది నెలలు నీ చప్పట్లు తిన్నవాణ్ని, ఆ పూట ఒక్కటి కూడా తినకూడదనుకున్నాను. కానీ మెట్ల కిందే నిలబడి ఉన్నాను. నీ గొంతు మొత్తం విన్నాను. ‘దుర్రా’ అని అందరూ అరిచినప్పుడు నేనూ అరిచాను, పక్కన సోడాబండి వాడు బెదిరిపోయాడు. అంత గర్వం నా సన్మానాల్లో ఒక్కదానికీ కలగలేదు.

ఈ రోజు ఎడిటర్ గారు కబురు పెట్టారు. తిడతారనుకుంటూ వెళ్లాను. తిట్టారు కూడా, రెండు నిమిషాలు. తర్వాత కొత్త అట్ట చేతిలో పెట్టారు. ‘ఇనప చంద్రుడు’. కింద ‘మధులత’. అంత పెద్ద అక్షరాలు నా పేరుకు ఎప్పుడూ వేయలేదాయన! నా పేరు ఎక్కడైనా మూలనుందేమోనని తిప్పి చూశాను, లేదు. మనసుకు హాయిగా అనిపించింది.

మొదటి రెండొందల కాపీలు వచ్చే నెల ఆరో తేదీన మీ ఊరికి పంపిస్తున్నారు. కట్టలు కట్టడం దగ్గర్నుంచి బండి ఎక్కించడం దాకా నేనే దగ్గరుండి చూసుకుంటాను, కలాసీని కూడా ముట్టనివ్వను. పార్శిల్ చీటీ మీద ‘పంపినవారు’ అని ఒక గడి ఉంటుంది. అందులో మాత్రం ఉమాశంకర్ అని రాస్తాను. ఆ ఒక్క గడీ నాది.

అన్నయ్య.